అమ్మ కళ్లద్దాలు, ఆరోగ్యశ్రీ కార్డు: నా అనుభవం

విశాఖ గాజువాకలో ఏ కళ్లద్దాల షాపుకెళ్లినా అమ్మ కార్డు చూసి "ఇది ఇక్కడ చెల్లదండీ" అనేవారే. ఆరోగ్య హెల్ప్‌లైన్ 104కి ఫోన్ చేశాక విషయం తెలిసింది. ఆరోగ్యశ్రీ (2024 నుంచి ఎన్టీఆర్ వైద్య సేవ, మా వీధిలో ఇంకా పాత పేరే) ముఖ్యంగా నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో (అంటే పథకంలో చేరినవాటిలో) ఆపరేషన్లకు, చికిత్సలకు. అద్దాలకు కాదు.

అందుకే కార్డు ఇంట్లో పెట్టి, చినవాల్తేరులోని ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఓపీ చీటీ రాయించుకుంటే పరీక్ష ఉచితమే. పొద్దున్నే వెళ్లండి, క్యూ మామూలుగా ఉండదు. చుక్కలమందు వేశాక చాలాసేపు చూపు మసగ్గా ఉంటుంది, పెద్దవాళ్లను ఒంటరిగా పంపొద్దు. పవర్ రాసిన చీటీతో అద్దాలు బయట చేయించాం. ఆపరేషన్ అవసరమంటే మాత్రం నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను (పథకం తరఫున అక్కడ సాయం చేసేవారు) అడగండి, కార్డు పని అక్కడే.