12వ పాఠం: ప్లేస్ అంటే చోటే, కానీ ప్రతి చోటూ ప్లేస్ కాదు

ముందు పోయిన పాఠం అభ్యాసానికి జవాబులు చూద్దాం. 'తలుపు దగ్గర ఎవరో ఉన్నారు' అంటే 'సమ్‌వన్ ఈజ్ ఎట్ ది డోర్'. 'గోడ మీద గడియారం' అంటే 'ఎ క్లాక్ ఆన్ ది వాల్'. 'నియర్ ది డోర్' అని రాసినా తప్పు లేదు. కాకపోతే లోపలికి రావడానికి వచ్చి నిలబడ్డ మనిషికి 'ఎట్' సరిగ్గా సరిపోతుంది.

ఈ రోజు మాట 'ప్లేస్'. దీన్ని తెలుగు మాటలాగే రోజంతా వాడేస్తుంటాం, చిక్కంతా అక్కడే వస్తుంది. 'ఇక్కడ ప్లేస్ లేదు', 'కొంచెం ప్లేస్ ఇవ్వండి' అని అలవాటైన నోటితో 'దేర్ ఈజ్ నో ప్లేస్ ఇన్ ది కార్' అనేస్తాం. భావం అందుతుంది గానీ ఇంగ్లీషువాళ్లు అలా అనరు.

మన 'చోటు' రెండు పనులు చేస్తుంది. 'మంచి చోటు' అన్నప్పుడు అది ప్రదేశం, 'చోటు లేదు' అన్నప్పుడు అది ఖాళీ. ఇంగ్లీషులో ప్రదేశానికి ప్లేస్, ఖాళీకి రూమ్ లేదా స్పేస్. ఊరికి వెళ్లడానికి సూట్‌కేసు సర్దుతున్నారనుకోండి. ఇంకో చొక్కా పట్టడం లేదు, మూత పడటం లేదు. అప్పుడు 'దేర్ ఈజ్ నో స్పేస్' అనాలి, 'నో రూమ్' అన్నా అదే. ఈ రూమ్ గది కాదు కాబట్టి ముందు 'ఎ' రాదు. ఎలాగో మూత వేశారు, ఇప్పుడా సూట్‌కేసు ఎక్కడ పెట్టాలా అని చూస్తున్నారు. అప్పుడు వెతుకుతున్నది 'ఎ ప్లేస్ ఫర్ ది సూట్‌కేస్'.

మరి 'నో ప్లేస్ టు సిట్' అని వింటుంటాం కదా అంటారేమో. అది ఒప్పే, అక్కడ ప్లేస్ అంటే కూర్చునే ఒక చోటు. 'ఎ హౌస్ టు లివ్ ఇన్' అన్నప్పుడు చివర 'ఇన్' తప్పనిసరి. ప్లేస్ తర్వాత మాత్రం అది అక్కర్లేదు, 'ఎ ప్లేస్ టు లివ్' చాలు.

పలకడం గురించి ఒక్క మాట. బహువచనం 'ప్లేసెస్' కాదు, 'ప్లేసిజ్'. చివర 'జ్' జిప్పులో వినిపించే ధ్వని.

ఇక నేను ఎక్కువసేపు ఆగాలనుకున్నది 'టేక్ ప్లేస్' దగ్గర. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రిపోర్టులో 'ది మీటింగ్ వాజ్ టేకెన్ ప్లేస్ ఆన్ మండే' అని రాశాను. మా పై అధికారి 'వాజ్ టేకెన్' కొట్టేసి, పైన ఎర్ర సిరాతో 'టుక్' అని రాసి పంపారు. ఎందుకో చెప్పలేదు. చాలా రోజుల తర్వాత తెలుగులో ఆలోచిస్తేనే నాకు తట్టింది. టేక్ ప్లేస్ అచ్చంగా మన 'జరుగు' లాంటిది. సమావేశం 'జరిగింది' అంటాం గానీ 'జరగబడింది' అనం కదా! అందుకే 'ది మీటింగ్ టుక్ ప్లేస్'. ముందే అనుకున్న పెళ్లిళ్లు, పరీక్షలు, ఎన్నికల్లాంటి వాటికి ఇది బాగుంటుంది. అనుకోకుండా అయినదానికి సాధారణంగా 'హ్యాపెన్' వాడతారు.

నాకు బాగా నచ్చేది 'ఇన్ ది ఫస్ట్ ప్లేస్'. మాటకు మాట పెడితే 'మొదటి స్థానంలో' అని వస్తుంది, కానీ పోటీల ఫలితాల్లో ఆ అర్థానికి 'ది' లేకుండా 'ఇన్ ఫస్ట్ ప్లేస్' అంటారు. 'ది'తో కలిసి ప్రశ్న చివర వస్తే అది మన 'అసలు'. 'వై డిడ్ యు గో దేర్ ఇన్ ది ఫస్ట్ ప్లేస్?' అంటే 'అసలు అక్కడికి ఎందుకు వెళ్లావు?' 'అసలు'లో ఉండే ఆ నిలదీత ఇంగ్లీషులో దొరికేది ఇక్కడే.

'కమ్ టు మై ప్లేస్' అంటే మా ఇంటికి రండి అని. 'ఇఫ్ ఐ వర్ ఇన్ యువర్ ప్లేస్' అంటే నీ స్థానంలో నేనుంటే అని. ఈ రెండూ తేలిక.

ప్లేస్ క్రియ కూడా. 'పుట్' మామూలుగా పెట్టడం, 'ప్లేస్' జాగ్రత్తగా, ఒక పద్ధతిగా పెట్టడం. ఆర్డర్ పెట్టడానికి 'ప్లేస్ ఎన్ ఆర్డర్' అంటారు. ఎవరో ఎదురుపడి ఆప్యాయంగా పలకరిస్తారు, ముఖం తెలిసినట్టే ఉంటుంది, ఎక్కడ చూశామో మాత్రం ఎంతకీ తట్టదు. దానికి ఇంగ్లీషులో నాలుగు మాటలు చాలు: 'ఐ కాంట్ ప్లేస్ హిమ్'. మనిషిని జ్ఞాపకంలో ఏ చోట పెట్టాలో తెలియడం లేదని.

ఇప్పుడు ఇవి ఇంగ్లీషులో రాయండి. బీరువాలో ఇంకో పుస్తకానికి చోటు లేదు. అసలు ఈ పని ఎవరు మొదలుపెట్టారు? పెళ్లి వచ్చే నెలలో జరుగుతుంది. నీ స్థానంలో నేనుంటే వెళ్లను. మొదటి వాక్యంలో ప్లేస్ రాయబోతే ఆ సూట్‌కేసును గుర్తు చేసుకోండి. జవాబులు వచ్చే పాఠంలో, 'వేర్'తో పాటు.