స్టాక్‌హోమ్ వెళ్లే పర్యాటకులు పాటించవలసిన చట్టాలు, మర్యాదలు

స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో కొత్తవారు పొరపాటు చేస్తే ఆపి చెప్పేవారు అరుదు. వరుస తప్పి ముందుకు వెళ్లినా, మెట్రోలో గొంతు పెంచి ఫోనులో మాట్లాడినా, చుట్టూ ఉన్నవారు ఒకసారి చూసి తల తిప్పుకుంటారు. ఎవరూ ఏమీ అనలేదు కనుక ఫరవాలేదని అనుకోరాదు. ఆ చూపే అక్కడి మందలింపు.

నగరంలో తిరగడానికి, ప్రజా రవాణాను చూసే ఎస్ఎల్ సంస్థ టికెట్టు ఒక్కటే మెట్రోకు, బస్సుకు, ట్రాముకు, లోకల్ రైలుకు సరిపోతుంది. ఒకసారి తీసుకున్న టికెట్టు 75 నిమిషాలు చెల్లుతుంది. ఆ వ్యవధిలో ఎన్ని బండ్లు మారినా మళ్లీ కొననక్కరలేదు. అయితే ఆర్లాండా విమానాశ్రయం స్టేషనులో లోకల్ రైలు ఎక్కేవారు, దిగేవారు దీనికి అదనంగా ప్రత్యేక రుసుము చెల్లించాలి. తనిఖీలో టికెట్టు లేకుండా దొరికితే కట్టవలసిన జరిమానా ఛార్జీకి ఎన్నో రెట్లు ఉంటుంది, నిబంధన తెలియదన్న జవాబు అక్కడ చెల్లదు. ఎస్కలేటర్ మీద కుడివైపున నిలబడి, ఎడమవైపును నడిచి వెళ్లేవారికి వదలాలి. టాక్సీ ఎక్కే ముందు కిటికీకి అంటించిన ధరల పట్టికను చూడడం తప్పనిసరి అని నా అభిప్రాయం, ఎందుకంటే 1990 నుంచి స్వీడన్‌లో టాక్సీ ధరలపై నియంత్రణ లేదు; ఒకే దూరానికి రెండు బండ్లు పూర్తిగా వేర్వేరు మొత్తాలు అడిగినా చట్టవిరుద్ధం కాదు. ఆ పట్టికలో పెద్ద అంకెలతో కనిపించేది 10 కిలోమీటర్లు, 15 నిమిషాల ప్రయాణానికి అయ్యే ధర. బండ్లను పోల్చుకోవడానికి ఆ అంకె చాలు.

సిగ్నల్ లేని జీబ్రా గీతల వద్ద పాదచారికి వాహనాలు దారి ఇవ్వాలి, కాని ఈ నియమం ట్రాముకు వర్తించదు. కాలిబాట పక్కనే ఉండే సైకిల్ దారిలో నిలబడి ఫోటోలు తీసుకోవడం పర్యాటకులు అతి తరచుగా చేసే తప్పు. అద్దెకు దొరికే ఎలక్ట్రిక్ స్కూటర్లను కాలిబాట మీద నడపడం 2022 సెప్టెంబరు 1 నుంచి నిషిద్ధం. కేటాయించిన చోట తప్ప కాలిబాట మీద నిలపడం కూడా అంతే. కారు అద్దెకు తీసుకునేవారు పగలు కూడా లైట్లు వేసుకునే నడపాలి. రక్తంలో మద్యం వెయ్యింట 0.2 వంతుకు చేరితే చాలు, అది నేరం కనుక, ఒక్క గ్లాసు తాగినా బండి ముట్టకపోవడం మంచిది.

మద్యం విషయంలో అక్కడి పద్ధతి కొంత విచిత్రంగా తోస్తుంది. 3.5 శాతానికి మించిన మద్యాన్ని నగరంలో సీసాగా కొనాలంటే సాధారణంగా ప్రభుత్వ దుకాణమైన సిస్టెమ్‌బొలాగెట్‌కే వెళ్లాలి. ఆదివారం అది తెరవదు, శనివారం పెందలాడే మూసేస్తారు. బారులో కూర్చుని తాగడానికి 18 ఏళ్లు చాలు గాని, ఈ దుకాణంలో కొనడానికి 20 ఏళ్లు నిండి ఉండాలి, కనుక యువకులు గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోవాలి. 2019 జూలై నుంచి రెస్టారెంట్ల బయటి బల్లల వద్ద, బస్టాపుల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద పొగ తాగరాదు. మాదకద్రవ్యాలు దగ్గర ఉంచుకోవడమే కాదు, సేవించడం కూడా నేరమే. డబ్బిచ్చి లైంగిక సేవ పొందడాన్ని 1999లో నేరం చేశారు. అక్కడ శిక్ష కొన్నవారికే. సరైన కారణం లేకుండా బహిరంగ స్థలంలో కత్తి వెంట ఉంచుకోవడం కూడా నిషిద్ధం.

చాలా దుకాణాలు నగదు తీసుకోవు కనుక కార్డు లేనిదే రోజు గడవదు. పూర్వం వెళ్లి వచ్చిన బంధువులు మిగిలిన క్రోనాలు ఇస్తే ఒకసారి పరిశీలించండి. 2015-17 మధ్య కొత్త నోట్లు వచ్చాయి, పాతవి చెల్లవు.

ప్రకృతిలో స్వేచ్ఛగా తిరిగే హక్కును స్వీడన్ ‘అల్లెమాన్స్‌రెట్టెన్’ అంటుంది. ఇతరుల అడవిలో నడవవచ్చు, అడవి పండ్లు, పుట్టగొడుగులు కోసుకోవచ్చు. ‘కలత పెట్టకు, పాడు చేయకు’ అన్న రెండు మాటల్లో దాని షరతు ఇమిడి ఉంది. ఇళ్ల ముంగిళ్లకు, పంట పొలాలకు ఈ హక్కు వర్తించదు. నగరం మధ్యలో ఉన్న యూర్‌గోర్డెన్ ద్వీపం 1995లో ఏర్పడిన జాతీయ నగర ఉద్యానంలో భాగం కనుక, అక్కడి బోర్డుల మీద రాసిన నియమాలను విడిగా చూసుకోవాలి. ఎండాకాలంలో మంటలపై నిషేధం విధిస్తే, అడవిలో వంటకు నిప్పు వెలిగించడం కూడా నేరమవుతుంది.

మందుల దుకాణం వంటి చోట్ల వరుస కనిపించకపోవచ్చు. తలుపు దగ్గరి యంత్రం నుంచి అంకె చీటీ తీసుకుని పిలిచేదాకా ఆగాలి. ఎవరింటికైనా వెళితే చెప్పిన సమయానికే చేరి, చెప్పులు గుమ్మంలోనే విడవాలి. ఈ రెండవది మనకు నేర్పనక్కరలేదు. సంబోధన మాత్రం ఇబ్బంది పెడుతుంది. 1960ల చివర నుంచి స్వీడన్‌లో వైద్యుణ్ణి, ఆచార్యుణ్ణి కూడా ‘దూ’ అని, అంటే ‘నువ్వు’ అనే పిలుస్తారు. ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు ‘సర్’ అంటూ ఉంటే వారికే మొహమాటంగా ఉంటుంది. ఈతకొలనుకు వెళ్లేవారు దిగే ముందు ఈత దుస్తులు కూడా తీసి సబ్బుతో స్నానం చేయాలి. స్త్రీలకు, పురుషులకు గదులు వేరైనా లోపల చాటు ఉండకపోవచ్చు కనుక మనవారికి ఇది కష్టంగా అనిపించవచ్చు, అయినా దానికి మినహాయింపు అడగరు.

ప్రాణాపాయం, ప్రమాదం, అప్పుడే జరుగుతున్న నేరం వంటి వాటికి 112కు ఫోను చేయాలి. పర్సు పోయిందని తర్వాత గమనించినప్పుడు పోలీసులకు ఫిర్యాదు చేయడానికి 114 14 వేరుగా ఉంది.