వాటర్‌ఫాల్‌లో గీతలున్నా డీకోడ్ కాకపోతే

ఎఫ్‌టీ8 (బలహీన సిగ్నళ్లనూ కంప్యూటర్ చదివే డిజిటల్ రేడియో పద్ధతి) డీకోడ్ కాకపోగానే కొత్త హ్యామ్‌లు (అమెచ్యూర్ రేడియో వాడేవారు) మేడెక్కి యాంటెనా విప్పుతారు. వాటర్‌ఫాల్‌లో, అంటే వచ్చే సిగ్నళ్లను చూపే తెరలో, గీతలు కనబడుతున్నాయంటే యాంటెనా తన పని తాను చేస్తున్నట్టే. ముందు కిందికి దిగండి.

గీతలు నిండుగా ఉన్నాయి, ఒక్క అక్షరమూ రాదు

గడియారం చూడండి. ఎఫ్‌టీ8లో ఒక్కో విడత 15 సెకన్లు, అందులో ప్రసారం 12.64 సెకన్లు. గడియారం రెండు మూడు సెకన్లు తప్పితే డీకోడర్ చేతులెత్తేస్తుంది. అరకొరగా వస్తుంటే డీటీ వరుస (అవతలి సిగ్నల్ మీ గడియారానికి ఎన్ని సెకన్లు తేడాగా వచ్చిందో చూపేది) చూడండి. అందరి పక్కనా 1.4, 1.5 ఉంటే మీ గడియారం సుమారు అంత ముందుంది. ఒక్కరి పక్కనే ఉంటే తప్పు వారిది. నెట్‌తో సమయం సింక్ చేయండి. నెట్ అందని చోట యూఎస్‌బీ జీపీఎస్ చాలు.

సమయం సరిగానే ఉంటే సైడ్‌బ్యాండ్ (రేడియోలో అప్పర్, లోయర్ అనే రెండు ఎంపికలు) చూడండి. 40 మీటర్ల బ్యాండ్‌లో మాటకు లోయర్ వాడే అలవాటు ఇక్కడ దెబ్బతీస్తుంది. 7.074 మెగాహెర్ట్జ్ మీదా అప్పర్ సైడ్‌బ్యాండే.

దగ్గరివి వస్తాయి, దూరానివి రావు

ఇక్కడే ఎక్కువమంది దారి తప్పుతారు. జాబితాలో సిగ్నల్ బలం చూపే డీబీ (డెసిబెల్) అంకెలు చదవండి. మైనస్ 18, మైనస్ 20 కనబడుతూ స్టేషన్లు మాత్రం తక్కువగా ఉంటే డీకోడర్ బాగానే ఉంది, మీ చుట్టూ రొద పెరిగింది. ఆ అంకె మీ దగ్గరున్న రొదతో పోల్చి ఇచ్చేదే కదా! మైనస్ 10కి దిగువన ఏమీ లేకపోతే ఆడియోను అనుమానించండి. సిగ్నల్ లేని చోట సాఫ్ట్‌వేర్‌లోని ఆడియో మీటరు 30 డీబీ దగ్గర ఉండాలి. నాయిస్ రిడక్షన్, విండోస్ ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆపేయండి. ఫిల్టర్ వెడల్పుగా తెరవండి.

రొద అయితే, రేడియోను 12 వోల్టుల బ్యాటరీకి, ల్యాప్‌టాప్‌ను దాని సొంత బ్యాటరీకి మార్చి ఇంటి మెయిన్ దించండి. వాటర్‌ఫాల్ ఒక్కసారిగా నల్లబడితే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. ఎంసీబీలన్నీ దించి, మెయిన్ ఎత్తి, ఒక్కొక్క ఎంసీబీ ఎత్తుతూ పట్టుకోండి. సాధారణంగా ఏ ఎల్‌ఈడీ బల్బో, చార్జరో అయి ఉంటుంది. తీగను ఫెరైట్ రింగులో ఏడెనిమిది చుట్లు తిప్పితే చాలావరకు తగ్గుతుంది. మెయిన్ దించినా తగ్గకపోతే బయట వెతకాలి. నల్గొండ పల్లెల్లో బోరు స్టార్టర్ పడినప్పుడు వచ్చేది ఒక్క అడ్డగీత, దాన్ని పట్టించుకోకండి. పగలంతా ఉండి పొద్దుగూకగానే పోతే సోలార్ ఇన్వర్టర్ పని. యాంటెనాను దానికి దూరంగా జరపండి, కోయాక్స్ (యాంటెనా కేబుల్) మొదట్లో, కేబుల్ మీదుగా వచ్చే రొదను ఆపే చోక్ పెట్టండి.

ఒకే కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు) 700 హెర్ట్జ్ దగ్గరా 1400 దగ్గరా

ఆడియో ఎక్కువై వచ్చిన హార్మోనిక్, అంటే అసలు స్వరానికి రెట్టింపు దగ్గర పుట్టిన నకలు. మీ వైపు స్థాయి తగ్గించాకా ఉంటే అది అవతలివారిదే.

మే నెల సాయంత్రాలు అడ్డంగా తెల్లటి పట్టీలు

అవి పిడుగులు. సెట్టింగులతో పోవు. ఉరుము వినబడేంత దగ్గరికి రాకముందే రేడియో నుంచి కోయాక్స్ విప్పి బయట పడేయండి.