కమర్షియల్ వాకీటాకీని హ్యామ్ బ్యాండ్‌కు సిద్ధం చేసుకునే విధానం

ఓడరేవుల్లోనో, కర్మాగారాల్లోనో ఏళ్ల తరబడి నలిగి, అంచులు అరిగిపోయిన వాకీటాకీలు సెకండ్ హ్యాండ్‌లో హ్యామ్‌ల (లైసెన్సు పొంది, అభిరుచిగా రేడియో నడిపేవారి) చేతికి రావడం మామూలే. వాటిలో చాలావాటికి తెర ఉండదు, అంకెల మీటలూ ఉండవు. మోటరోలా జీపీ328నే తీసుకుంటే పైన రెండు నాబ్‌లు, పక్కన పీటీటీ (నొక్కి మాట్లాడే) బటన్, లోపల 16 ఛానళ్లు, అంతే. కొత్తగా లైసెన్సు పొందినవారికి ఇది పెద్ద లోపంగా తోస్తుంది. నాకు మాత్రం ఆ సెట్లలో నచ్చేది అదే. వానలో తడుస్తూ, ఒక చేత్తో తాడు పట్టుకుని మాట్లాడవలసి వచ్చినప్పుడు మెనూలు వెతికే పని ఉండదు. అయితే ఆ సౌకర్యం దక్కాలంటే నిర్ణయాలన్నీ ముందే, ఇంట్లో బల్ల దగ్గర కూర్చుని తీసుకోవాలి.

అన్నిటికంటే ముందు లైసెన్సు. మన దేశంలో టెలికం శాఖకు చెందిన డబ్ల్యూపీసీ (వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్) విభాగం దీనిని ఇస్తుంది. జనరల్ గ్రేడ్ వారికి వీయూ2తో, రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ వారికి వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్, అంటే రేడియోలో మనల్ని గుర్తించే పేరు, వస్తుంది. పరీక్షకు చదవదలచిన తెలుగువారికి 1983 నుంచి హైదరాబాద్‌లో పనిచేస్తున్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో దగ్గరలోనే ఉంది. లైసెన్సు అక్కరలేని వాకీటాకీలు కూడా ఉన్నాయి కదా అని కొందరు వాదిస్తారు. ఆ మినహాయింపు 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ శక్తి సెట్లకే వర్తిస్తుంది. నాలుగైదు వాట్ల కమర్షియల్ సెట్‌కు వర్తించదు.

కొనేటప్పుడు మోడల్ పేరు చూసి మోసపోకూడదు. ఒకే పేరుతో, ఒకే ఆకారంతో వేర్వేరు పౌనఃపున్య శ్రేణుల సెట్లు వస్తాయి కనుక, బ్యాటరీ ఊడదీసి వెనుక అంటించిన లేబుల్ చదవాలి. మనకు 2 మీటర్ల బ్యాండ్ 144 నుంచి 146 వరకు, 70 సెంటీమీటర్ల బ్యాండ్ 434 నుంచి 438 మెగాహెర్ట్జ్ వరకు ఉన్నాయి. వీహెచ్ఎఫ్‌లో, అంటే 2 మీటర్ల వైపు, 136–174 అని రాసి ఉన్న సెట్ నిస్సంకోచంగా తీసుకోవచ్చు. యూహెచ్ఎఫ్‌లో, అంటే 70 సెంటీమీటర్ల వైపు, 403–470 లాంటి శ్రేణి అయితేనే పనికొస్తుంది. 450 దగ్గర మొదలయ్యే సెట్ ఎంత చవకగా వచ్చినా మన బ్యాండ్‌లోకి దిగదు. బేరం కుదుర్చుకునే ముందే ఆ మోడల్‌కు ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్, కేబుల్ దొరుకుతాయో లేదో కూడా తెలుసుకోవాలి. పాత సెట్ల సాఫ్ట్‌వేర్ చాలాసార్లు పాత విండోస్ మీదే నడుస్తుంది. అటకెక్కిన ల్యాప్‌టాప్ ఒకటి ఉంటే పారేయకండి.

కేబుల్ తగిలించిన వెంటనే కొత్త ఛానళ్లు రాయబోకండి. మొదట సెట్‌లో ఉన్నదంతా చదివించి, ఒక ఫైలుగా భద్రపరచుకోవాలి. ఏదైనా తేడా వస్తే వెనక్కి తిరిగే దారి అదొక్కటే. ఆ తర్వాత పాత యజమాని ఛానళ్లను ఒక్కటి కూడా మిగల్చకుండా తొలగించాలి. చేయి తగిలి నాబ్ తిరిగినా, మీ మాట ఏ సంస్థ తరంగంలోనో వెళ్లే అవకాశం ఉండకూడదు. అత్యవసర సంకేతం పంపే బటన్‌ను, మాటను మరుగుపరిచే స్క్రాంబ్లర్‌ను ఆపివేయాలి. హ్యామ్ బ్యాండ్‌లో రహస్య సంభాషణకు చోటు లేదు.

ఇక ఛానళ్ల సంగతి. ఉదాహరణకు ఒక రిపీటర్ (మన మాటను అందుకుని తిరిగి దూరానికి ప్రసారం చేసే కేంద్రం) 145.700 మెగాహెర్ట్జ్‌లో వినిపిస్తూ, 600 కిలోహెర్ట్జ్ కింద మన మాట అందుకుంటుందనుకుందాం. అప్పుడు రిసీవ్ గడిలో 145.700, ట్రాన్స్‌మిట్ గడిలో 145.100 రాయాలి. రిపీటర్‌కు టోన్ (దాన్ని తెరిపించడానికి మాటతో పాటు వెళ్లే సన్నని సంకేతం) అవసరమైతే దానిని ట్రాన్స్‌మిట్ వైపు మాత్రమే పెట్టుకోవడం మేలు. రిసీవ్ వైపు కూడా పెడితే టోన్ లేకుండా పిలిచే మిత్రుడి గొంతు మీకు వినబడనే వినబడదు. ఛానల్ వెడల్పు దగ్గర చాలామంది తడబడతారు. కమర్షియల్ సెట్లు తరచుగా 12.5 కిలోహెర్ట్జ్‌కు అమర్చి ఉంటాయి. హ్యామ్ రిపీటర్లు ఎక్కువగా 25 మీద, అంటే 5 కిలోహెర్ట్జ్ డీవియేషన్‌తో (మాటకు పౌనఃపున్యం ఊగే మేరతో) నడుస్తాయి. మీ గొంతు సన్నగా, ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుందని అవతలివారు అంటున్నా, వారు గట్టిగా మాట్లాడినప్పుడు మీ స్పీకర్లో మాట పగిలిపోతున్నా మైకును అనుమానించే ముందు ఆ ఒక్క గడిని చూడండి. టైమవుట్, అంటే ఆపకుండా మాట్లాడితే సెట్ తానే ప్రసారం ఆపేసే గడువు, 180 సెకన్లు చాలు.

నా మొదటి సెట్‌లో అన్నీ రిపీటర్లే నింపుకున్నాను. ఒక డ్రిల్ రోజున కరెంటు పోయి, రిపీటర్ కూడా మూగబోతే, కిలోమీటరు దూరంలో ఉన్న మిత్రుడితో కూడా మాట్లాడలేక సెట్ పట్టుకుని దిక్కులు చూశాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు కరెంటు, ఫోన్లు ఏమయ్యాయో తెలిసినవారికి ఇది మరింత బాగా అర్థమవుతుంది. అప్పటినుంచి నా ఛానల్ 1 ఎప్పుడూ సింప్లెక్సే, అంటే రిపీటర్ లేకుండా సెట్ నుంచి సెట్‌కు నేరుగా మాట్లాడేదే. దాని తర్వాత స్థానిక రిపీటర్, ఆ పక్కనే ఆ రిపీటర్ వినిపించే తరంగంలోనే నేరుగా మాట్లాడే ఛానల్ ఉంటాయి.

సెట్‌తో వచ్చిన యాంటెనా మీద నమ్మకం పెట్టుకోకండి. పొట్టి హెలికల్ (తీగను స్ప్రింగులా చుట్టిన) యాంటెనాలు ఇరుకైన శ్రేణికే కుదురుతాయి. 155కు పైన పనిచేసేలా కత్తిరించినదాన్ని 145లో వాడితే శక్తిలో మంచి భాగం వృథా అవుతుంది. సరైన శ్రేణిదాన్ని మార్చుకోవాలి. వీలైతే 2 మీటర్ల బ్యాండ్‌కు అరమీటరు పొడవుండే క్వార్టర్ వేవ్ (తరంగం పొడవులో నాలుగో వంతు) యాంటెనాను సంచిలో ఉంచుకోండి, ఎత్తు దొరకని చోట తేడా మీకే తెలుస్తుంది. యాంటెనా లేకుండా పీటీటీ నొక్కడం మాత్రం ఎన్నడూ చేయకూడదు.

పాత సెట్లలో మొదట చచ్చేది బ్యాటరీ. ఛార్జరు పచ్చలైటు చూపించినా, ఫుల్ పవర్‌లో పది సెకన్లు మాట్లాడగానే సెట్ ఆగిపోతే ఆ ప్యాక్ పని అయిపోయినట్టే. అయితే పారేసే ముందు ఇత్తడి కాంటాక్టులను పెన్సిల్ రబ్బరుతో రుద్ది చూడండి. నల్లబడిన పొర పోగానే మామూలుగా పనిచేసిన సెట్లు నేను చూశాను. నీటి విషయం కూడా చెప్పాలి. ఐపీ67 గుర్తున్న కొత్త సెట్ మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకుంటుంది. ఎవరో విప్పి బిగించిన, రబ్బరు సీలు ఎండిపోయిన సెట్‌కు ఆ హామీ లేదు. పక్కన మైకు తగిలించే రంధ్రం మీది రబ్బరు మూత ఊడిపోయి ఉంటే వానలో జిప్ కవరులో పెట్టుకోవడమే మంచిది.

చివరగా ఛానళ్ల పట్టికను చిన్న కాగితంపై రాసి, సెట్ వెనుక పారదర్శకమైన టేపుతో అంటించండి. తర్వాత నాబ్ చూడకుండా, టక్కుటక్కున లెక్కపెడుతూ ఛానల్ మార్చడం సాధన చేయండి. పీటీటీ నొక్కి అరక్షణం ఆగి మాట్లాడాలి. లేకపోతే కాల్‌సైన్‌లోని ‘వీయూ’ అక్షరాలు, రిపీటర్ లేచేలోపే ఎగిరిపోయి, అవతలివారికి అంకె నుంచే వినిపిస్తుంది.