ప్రోగ్రెస్ అప్‌డేట్లు ఎందుకు ఆగిపోతాయి? ఓపెన్ సోర్స్ టీమ్‌లకు సమస్య - పరిష్కారం

సమస్య: మొదట్లో వారం వారం వచ్చాయి, తర్వాత ఆగిపోయాయి

కారణం చాలాసార్లు ఒక్కటే. అప్‌డేట్ రాసే పని ఒకే మనిషి నెత్తిన పడుతుంది. ఆయన ప్రతి వారం అందరినీ అడిగి, గుర్తుచేసి, పోగుచేసి రాయాలి. ఆయనకు పరీక్షలు గానీ, ఆఫీసులో రిలీజ్ టెన్షన్ గానీ వస్తే అప్‌డేట్ కూడా ఆగుతుంది.

ఎవరి పని గురించి వాళ్లే రాయాలి. ఒకరు వాటిని కూర్చి, సరిచూస్తే చాలు. లినక్స్ డెస్క్‌టాప్ తయారుచేసే గ్నోమ్ ప్రాజెక్టు 2021లో మొదలుపెట్టిన వారపు అప్‌డేట్ ఇలాగే నడుస్తుంది. డెవలపర్లు మాట్రిక్స్ అనే చాట్ వేదికలోని రూమ్‌లో తమ వార్తను బాట్‌కు (తనంతట తానే పనిచేసే ప్రోగ్రామ్‌కు) ట్యాగ్ చేసి పెడతారు, బాట్ వాటిని పోగుచేస్తుంది. ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టులో మూడు నెలలకోసారి రిపోర్టు వస్తుంది, అక్కడా ఎంట్రీలు పంపేది పని చేసినవాళ్లే. ముగ్గురు నలుగురున్న ప్రాజెక్టుకు వారపు అప్‌డేట్ బరువే. నెలకోసారి పెట్టుకోండి, కానీ తేదీ మాత్రం మార్చకండి.

సమస్య: అప్‌డేట్ వస్తోంది, ఎవరూ చదవడం లేదు

కమిట్ల (కోడ్‌లో చేసి భద్రపరిచిన మార్పుల) జాబితాను యథాతథంగా అతికించడం వల్ల ఇలా జరుగుతుంది. కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్ టూల్‌లో షార్ట్‌లాగ్ కమాండ్ ఇస్తే ఎవరు ఏం కమిట్ చేశారో పేర్లవారీగా వచ్చేస్తుంది. రాయడం మొదలుపెట్టడానికి అది బాగా పనికొస్తుంది. కానీ అదే అప్‌డేట్ కాదు. ఈ రెండూ చూడండి:

"టెక్స్ట్ లేఅవుట్ కోడ్ రీఫ్యాక్టర్ చేశాం. మెర్జ్ అయింది."

"లక్ష్మి అని టైప్ చేస్తే మ వత్తు కింది భాగం తెగిపోయి కనిపించేది. ఇప్పుడు పూర్తిగా కనిపిస్తోంది. పాత ఫాంట్లతో ఇంకా పరీక్షించలేదు, మీ దగ్గర ఉంటే చూసి చెప్పండి."

రెండూ ఒకే పని గురించే. రెండోది చదివినవాళ్లకు అది తమకెందుకో తెలుస్తుంది, తాము చేయగల సాయమూ కనిపిస్తుంది. కొత్త వలంటీర్లు ప్రాజెక్టులోకి వచ్చేది చాలావరకు ఇలాంటి చివరి వాక్యం పట్టుకునే.

సమస్య: "అయిపోయింది" అన్నారు, యూజర్ దగ్గర మాత్రం లేదు

మెర్జ్ కావడం (మార్పు ప్రాజెక్టు ప్రధాన కోడ్‌లో కలవడం) వేరు, రిలీజ్ కావడం (యూజర్ల చేతికి చేరే వెర్షన్‌లో రావడం) వేరు. ఏ వెర్షన్‌లో వస్తుందో పక్కనే రాయండి.

సమస్య: కొత్తగా చేరిన స్టూడెంట్ నుంచి ఉలుకూ పలుకూ లేదు

నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే. కొత్తవాళ్లు మెంటర్ దగ్గర ఓపెన్ సోర్స్ పని నేర్చుకునే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ లాంటి ప్రోగ్రామ్‌లో చేరిన విద్యార్థి మొదటి వారం ఉత్సాహంగా రాస్తాడు, తర్వాత మౌనం. బద్ధకం అనుకుంటాం. చాలాసార్లు అతను రోజంతా బిల్డ్ ఎర్రర్‌తో (కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా మార్చేటప్పుడు వచ్చే తప్పుతో) కుస్తీ పడుతుంటాడు. "చూపించడానికేమీ లేదు, అయ్యాక రాద్దాం" అనుకుంటాడు. మన కాలేజీల్లో పూర్తయిన రికార్డు తీసుకెళ్లి సార్‌కి చూపించడమే అలవాటు, సగం పని చూపించడానికి మొహమాటం. ఇంతలో మిడ్‌టర్మ్ ఎవాల్యుయేషన్ వచ్చేస్తుంది, మెంటర్ చేతిలో చూడ్డానికి ఏమీ ఉండదు.

మెంటర్ "ఎంతవరకు వచ్చింది?" అని అడిగితే "చేస్తున్నా సార్" అనే జవాబే వస్తుంది. "ఎక్కడ ఆగింది?" అని అడగండి. అప్‌డేట్‌కు మూడు లైన్లు చాలని ముందే చెప్పండి: ఏం ప్రయత్నించాను, ఏం పని చేయలేదు, ఎవరి సాయం కావాలి. కోడ్ సగంలో ఉన్నా డ్రాఫ్ట్ పుల్ రిక్వెస్ట్ (ఇంకా పూర్తికాని మార్పును చూడమని పెట్టే అభ్యర్థన) తెరవమనండి. ముందు సీనియర్లు తమ అప్‌డేట్లలో "ఈ వారం ఇది కుదరలేదు" అని రాయాలి. ప్రాజెక్టును చూసుకునే మెయింటెయినరే అలా రాస్తే కొత్తవాళ్లకు ధైర్యం వస్తుంది.

ఎర్రర్ మెసేజ్ పెడితే స్క్రీన్‌షాట్ కాకుండా టెక్స్ట్‌గా పెట్టమనండి. రేపు అదే ఎర్రర్‌తో ఇరుక్కున్నవాళ్లు వెతికితే దొరుకుతుంది.