ఇంట్లో చేసిన కేక్ మీద బటర్‌క్రీమ్ నున్నగా రావాలంటే ఎలా చేయాలి?

మన బేకరీల్లో కూల్ కేక్ అని అమ్మే వాటి మీద ఉండేది చాలావరకు విప్పింగ్ క్రీమ్. బటర్‌క్రీమ్ తీరు వేరు. ఇందులో ఉండేది బటరూ పంచదారే కాబట్టి చల్లబడితే గట్టిగా బిగుసుకుంటుంది, వేడెక్కితే జారిపోతుంది, ఆ రెంటికీ మధ్య కొద్దిసేపు మాత్రమే మన మాట వింటుంది. ఆ కొద్దిసేపు పట్టుకోగలిగితే పని సగం అయినట్టే. పూతని గీకి సమం చేసే పలకని స్క్రాపర్ అంటారు. దాన్ని పట్టుకోవడం రెండు మూడు కేకులకే చేతికి అలవాటవుతుంది. క్రీమ్ చల్లదనం ఎంత ఉందో చూడకుండా పని మొదలుపెడితే మాత్రం ఎన్ని కేకులు చేసినా గతుకులు పోవు.

విదేశీ రెసిపీల్లో బటర్‌ని గంట ముందే ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టమని రాస్తారు. అది 20 డిగ్రీల గదికి చెల్లుతుంది. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడలోనో ఖమ్మంలోనో మధ్యాహ్నం వంటగది 35 డిగ్రీలు దాటుతుంది. బటర్ ఇంచుమించు 32 నుంచి 35 డిగ్రీల మధ్యే కరిగిపోతుంది. కాబట్టి ఎండాకాలంలో ఈ పని తెల్లవారుజామునో, ఏసీ ఉన్న గదిలోనో పెట్టుకోండి. స్టవ్ ఆపి ఉంచండి.

ఎంత కావాలి?

6 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల ఎత్తు ఉన్న మూడు పొరల కేక్‌కి ఉప్పులేని బటర్ 300 గ్రాములు, ఐసింగ్ షుగర్ 450 గ్రాములు, పాలు 2 టేబుల్ స్పూన్లు, వెనీలా ఎసెన్స్ 1 టీస్పూన్ తీసుకోండి. మొత్తం 770 గ్రాములకు పైగా క్రీమ్ వస్తుంది. లోపలి పొరల మధ్యకి 170 గ్రాములు, మొదటి పలుచటి పూతకి 100, పై పూతకి 350 పోతుంది. మిగిలింది ఎక్కువ అనుకోవద్దు. పూతని మందంగా వేసి, అదనంగా ఉన్నది గీకి తీసేస్తేనే నునుపు వస్తుంది. సరిగ్గా సరిపడా క్రీమ్‌తో మొదలుపెడితే ఎక్కడో ఒకచోట కేక్ బయటికి కనిపిస్తుంది. 8 అంగుళాల కేక్ అయితే బటర్ 500 గ్రాములు, ఐసింగ్ షుగర్ 750 గ్రాములు వేసుకోండి.

బ్రెడ్డుకి రాసుకునే పచ్చటి ఉప్పు బటర్ వాడితే రంగూ చెడుతుంది, రుచీ చెడుతుంది. ఇంట్లో చిలికిన వెన్న రుచిగా ఉంటుంది కానీ ఈ పనికి కుదరదు. అందులో మజ్జిగ నీరు ఎంత మిగిలిందో ఎవరూ చెప్పలేరు. ఆ నీటిలో పంచదార కరిగి, రెండు మూడు గంటలకి కేక్ అడుగున పాకంలా ఊరుతుంది. నెయ్యి కూడా వద్దు, చల్లబడితే పూస కడుతుంది.

పంచదారని మిక్సీలో ఎంత మెత్తగా తిప్పినా సన్నటి పలుకులు మిగులుతాయి. స్క్రాపర్ కింద పడిన ఒక్కో పలుకూ ఒక్కో గీత గీస్తుంది. అందుకని దుకాణంలో దొరికే ఐసింగ్ షుగరే కొనండి. దాన్ని కూడా మైదా జల్లెడతో రెండుసార్లు జల్లించండి. గడ్డకట్టకుండా అందులో సాధారణంగా కార్న్‌ఫ్లోర్ కలిపి ఉంటుంది, దానివల్ల ఇబ్బంది లేదు.

పనిముట్లు

తిరిగే స్టాండు, వంపు తిరిగిన ప్యాలెట్ నైఫ్ (క్రీమ్ పూసే పదును లేని కత్తి), అంచు నిటారుగా ఉన్న స్టీలు స్క్రాపర్, రంపపు పళ్ల పొడవాటి కత్తి ఉంటే చాలు. ప్లాస్టిక్ స్క్రాపర్ కొత్తలో బాగానే ఉంటుంది కానీ అంచు మీద చిన్న నొక్కు పడినా ప్రతి కేక్ మీదా అదే గీత వస్తుంది. స్క్రాపర్ దొరక్కపోతే పిల్లల 15 సెంటీమీటర్ల స్టీలు స్కేలుని శుభ్రంగా కడిగి వాడుకోవచ్చు. 4 అంగుళాల కేక్‌కి దాని ఎత్తు సరిపోతుంది. జామెట్రీ బాక్సులోని మూలమట్టం కూడా దగ్గర పెట్టుకోండి. కేక్ పక్కన నిలబెట్టి చూస్తే గోడ నిటారుగా ఉందో లేదో వెంటనే తెలిసిపోతుంది.

కేక్ కింద వాడే బోర్డు వంగకూడదు. పలుచటి అట్ట మీద కేక్ పెట్టి పైకెత్తితే అట్టతోపాటు పూతా పగులుతుంది. 6 అంగుళాల కేక్‌కి 8 అంగుళాల గట్టి బోర్డు తీసుకోండి. స్క్రాపర్ అడుగు ఆ బోర్డు మీదే ఆని నడవాలి.

క్రీమ్ తయారీ

బటర్‌ని చిన్న ముక్కలుగా కోసి గిన్నెలో వేయండి. మన వేసవిలో 10 నుంచి 15 నిమిషాలు చాలు, చలికాలంలో అరగంట పడుతుంది. వేలితో నొక్కితే సొట్ట పడాలి, కానీ వేలు లోపలికి దిగిపోకూడదు. ముక్క మీద నూనె మెరుపు కనిపిస్తే ఆలస్యమైందన్నమాట. 10 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి తీయండి. థర్మామీటర్ ఉంటే 18 నుంచి 20 డిగ్రీలు చూసుకోండి.

ముందు బటర్ ఒక్కదాన్నే హ్యాండ్ బీటర్‌తో మధ్య వేగంలో 6 నిమిషాలు గిలకొట్టండి. లేత పసుపు పోయి దాదాపు తెల్లబడుతుంది. తర్వాత ఐసింగ్ షుగర్‌ని మూడు విడతలుగా, తక్కువ వేగంలో కలపండి. చివర్లో ఎసెన్సు, పాలు చెంచా చెంచాగా పోయండి. కాచి చల్లార్చిన పాలే పోయాలి. ఫ్రిజ్‌లోంచి తీసినవి అలాగే పోస్తే బటర్ పలుకులుగా విడిపోతుంది.

ఇక్కడిదాకా అందరూ చేస్తారు. చాలామంది వదిలేసేది దీని తర్వాతి మెట్టు. గిలకొట్టినప్పుడు క్రీమ్‌లోకి బోలెడంత గాలి చేరుతుంది. ఆ గాలి ఉండగానే పూస్తే, స్క్రాపర్ తగిలినచోటల్లా బుడగ పగిలి చిన్న గుంట పడుతుంది. దోసె మీద చిల్లులు ముచ్చటగా ఉంటాయి గానీ కేక్ గోడ మీద ఎవరికీ నచ్చవు. అందుకని బీటర్ వేగాన్ని అతి తక్కువకి తగ్గించి మరో 4 నిమిషాలు తిప్పండి. ఆ తర్వాత బీటర్ పక్కన పెట్టి, సిలికాన్ గరిటెతో క్రీమ్‌ని గిన్నె అంచుకి అదుముతూ, రుద్దుతూ 3 నిమిషాలు కలపండి. చేయి నొప్పి పుడుతుంది, అయినా మానకండి. బుడగలు చిటపటమంటూ పగలడం వినిపిస్తుంది కూడా. బాగా కుదిరిన క్రీమ్ గరిటెని తిప్పితే మెల్లగా జారుతూ, ఐస్‌క్రీమ్‌లా మెరుస్తుంది. చిల్లులు చిల్లులుగా, స్పాంజిలా కనిపిస్తే ఇంకా అదమాలి.

మరీ గట్టిగా ఉంటే రెండు మూడు చెంచాల క్రీమ్‌ని విడిగా మైక్రోవేవ్‌లో 8 నుంచి 10 సెకన్లు వేడిచేసి, తిరిగి గిన్నెలో కలపండి. పాలు ఇంకా పోయడం కన్నా ఇది మంచి మార్గం, పాలు ఎక్కువైతే పూత బిగుసుకోదు.

కోడిగుడ్డు తినేవాళ్లు స్విస్ మెరింగ్ బటర్‌క్రీమ్ కూడా చేసుకోవచ్చు. తెల్లసొన, పంచదార కలిపి, మరిగే నీటి ఆవిరి మీద 71 డిగ్రీల దాకా వేడిచేసి, గిలకొట్టి, చల్లారాక బటర్ కలిపేది అది. తీపి తక్కువ, పట్టులా ఉంటుంది. అయితే మన వేడికి దాన్ని నిలబెట్టడం కష్టం. ఏసీ లేని ఇంట్లో మొదటి ప్రయత్నానికి వద్దనే చెప్తాం.

కేక్‌ని ముందు సిద్ధం చేయాలి

వేడి కేక్ మీద, అప్పుడే చల్లారిన కేక్ మీద పూత నిలవదు. ముందురోజే కాల్చి, ప్లాస్టిక్ ర్యాప్ చుట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే కోసేటప్పుడు పొడి రాలదు. పైన ఉబ్బిన భాగాన్ని రంపపు కత్తితో సమంగా కోసేయండి. పొరలని తడిపే పంచదార పాకం ఒక్కో పొర మీద ఒకటిన్నర టేబుల్ స్పూన్లకి మించకూడదు. ఎక్కువైతే పక్కలనుంచి ఊరి, పూతని కేక్ నుంచి విడదీస్తుంది.

మామిడి గుజ్జో జామో లోపల పెడుతుంటే, ముందుగా పొర అంచు చుట్టూ గట్టి బటర్‌క్రీమ్‌తో గట్టు వేసి, దాని లోపలే నింపండి. గట్టు లేకపోతే గుజ్జు బయటికి తన్ని గోడ మధ్యలో నడుముపట్టీలా ఉబ్బుతుంది. పొరలన్నీ పేర్చాక పైన చిన్న పళ్లెం పెట్టి, దాని మీద పావుకిలో బరువు ఉంచి గంటసేపు ఫ్రిజ్‌లో వదిలేయండి. కేక్ దిగాల్సినంత అప్పుడే దిగిపోతుంది. పై పూత అయ్యాక దిగితే ఉబ్బులు తప్పవు.

మొదటి పూత

ఇది గోడకి రంగు వేసే ముందు లప్పం పెట్టడం లాంటిది. అందానికి కాదు, పొడిని బంధించడానికీ సందులు పూడ్చడానికీ. 100 గ్రాముల క్రీమ్‌ని వేరే గిన్నెలోకి తీసుకుని అందులోంచే వాడండి. కేక్ పొడి అంటిన కత్తిని మళ్లీ పెద్ద గిన్నెలో ముంచితే ఆ పొడే పై పూతలో తేలుతుంది. కింద కేక్ లీలగా కనిపించేంత పలుచగా రాసి, ఫ్రిజ్‌లో 30 నిమిషాలు ఉంచండి. వేలితో తాకితే అంటుకోకూడదు.

అసలు పూత

ముందు పైభాగం మీద 5, 6 మిల్లీమీటర్ల మందంగా క్రీమ్ వేసి, ప్యాలెట్ నైఫ్‌ని కదపకుండా పట్టుకుని స్టాండు తిప్పండి. అంచు దాటి కొద్దిగా బయటికి వేలాడినా పరవాలేదు. తర్వాత పక్కలకి, అడుగు నుంచి పైకి, ఎక్కడా ఖాళీ లేకుండా మందంగా పట్టించండి. క్రీమ్ పిండే సంచి, అంటే పైపింగ్ బ్యాగ్‌తో వరుసలుగా చుట్టూ పిండితే మందం సమంగా పడుతుంది, కొత్తవాళ్లకి ఇదే తేలిక.

ఇప్పుడు స్క్రాపర్. అడుగు బోర్డుకి ఆనించి, నిటారుగా నిలబెట్టండి. దాని వెడల్పు వైపు కేక్ గోడకి 30 నుంచి 45 డిగ్రీల ఏటవాలులో ఉండాలి, క్రీమ్ ఎటునుంచి తిరిగి వస్తోందో అటువైపే వాలాలి. అలా ఉంటే క్రీమ్‌ని అదిమి నున్న చేస్తుంది. ఎదురు దిక్కుకి వాలితే తవ్వేస్తుంది. కుడిచేత్తో స్క్రాపర్‌ని కదలకుండా పట్టుకుని, ఎడమచేత్తో స్టాండుని ఆపకుండా వీలైనంత పెద్ద చుట్టు తిప్పండి. ఆగిన ప్రతిచోటా నిలువుగీత పడుతుంది. ఒక చుట్టు అయ్యాక స్క్రాపర్‌ని మెల్లగా వెనక్కి తీసి, గిన్నె అంచుకి గీకి, బట్టతో తుడిచి, మళ్లీ పెట్టండి. తుడవకుండా రెండో చుట్టు తిప్పొద్దు.

రెండు మూడు చుట్ల తర్వాత గుంటలు బయటపడతాయి. ఇక్కడే చాలామంది గాభరాపడి గట్టిగా నొక్కుతారు, దాంతో లోపలి కేక్ బయటపడుతుంది. గుంటల్లో కాస్త క్రీమ్ అద్ది మళ్లీ తిప్పండి. నాలుగైదు చుట్ల తర్వాత కూడా కుదరకపోతే మీ చేతి తప్పు కాదు, క్రీమ్ వేడెక్కింది. కేక్‌ని 15 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. గిన్నెలోని క్రీమ్‌ని 5 నిమిషాలు చల్లబరిచి, మళ్లీ గరిటెతో అదమండి. చల్లబడిన గోడ మీద కొత్త క్రీమ్‌ని పలుచగా రాసి తిప్పితే గుంటల్లో మాత్రమే నిలిచి, మిగతాది స్క్రాపర్‌తో వచ్చేస్తుంది.

పక్కలు తిప్పినప్పుడు పై అంచు చుట్టూ క్రీమ్ చిన్న గోడలా లేస్తుంది. దాన్ని వెంటనే ముట్టుకోకండి. ఫ్రిజ్‌లో 10 నిమిషాలు బిగిశాక, ప్యాలెట్ నైఫ్‌తో బయటి అంచు నుంచి మధ్యకి, ఒక్కో లాగుడికి ఒకసారి తుడుస్తూ లాగేయండి. లోపలినుంచి బయటికి లాగితే అంచు గుండ్రబడిపోతుంది.

చివరి మెరుగు

కేక్ మరో 20 నిమిషాలు చల్లబడ్డాక, స్టీలు స్క్రాపర్‌ని వేడినీళ్లలో 10 సెకన్లు ముంచి, పొడిబట్టతో పూర్తిగా తుడిచి, బరువు వేయకుండా ఒకే చుట్టు తిప్పండి. సన్నటి గీతలు కరిగి కలిసిపోతాయి. ఒక్క నీటిచుక్క మిగిలినా అక్కడ పంచదార కరిగి మచ్చ పడుతుంది. ప్లాస్టిక్ స్క్రాపర్ వేడిని పట్టి ఉంచదు కాబట్టి ఈ పనికి స్టీలుదే వాడాలి.

పూత మీద కాగితం పెట్టి రుద్ది నున్న చేసే పద్ధతి కూడా ఒకటుంది. అది పైపొర ఎండి పెచ్చు కట్టే క్రీమ్‌కి, అంటే బటర్‌కి రెట్టింపు ఐసింగ్ షుగర్ వేసిన దానికి పనిచేస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల తేమలో ఆ పెచ్చు సరిగా కట్టదు. అక్కడ ఫ్రిజ్‌నే నమ్ముకోండి.

తెలుపు ఇంకా స్వచ్ఛంగా కావాలంటే టూత్‌పిక్ మొనకి అంటినంత వంగపండు రంగు ఫుడ్ కలర్ జెల్ కలపండి. పసుపు ఛాయ పోతుంది. అంతకు మించితే బూడిదరంగు తేలుతుంది.

ఫ్రిజ్‌లోంచి తీశాక

చల్లటి కేక్‌ని ఉక్కపోతలోకి తెస్తే నిమిషాల్లో చెమటపడుతుంది. ఆ చుక్కల్ని తుడవకండి, తుడిస్తే చేసినదంతా పోతుంది. కేక్‌ని అట్టపెట్టెలో పెట్టే ఫ్రిజ్‌లో ఉంచండి. బయటికి తీశాక పెట్టె మూతని వెంటనే తెరవకండి. నీరు పెట్టె మీద పడుతుంది, కేక్ మీద తక్కువ పడుతుంది. ఏసీ గదిలో అయితే ఇంకా మంచిది. ముదురు రంగు పువ్వులు, అక్షరాలు చెమటకి కారతాయి కాబట్టి వాటిని వడ్డించే ముందే వేయండి.

కోయడానికి 30 నుంచి 40 నిమిషాల ముందు తీస్తే చాలు. ఎండాకాలంలో 20 నిమిషాలు. అంతకుముందే కోస్తే బటర్ గట్టిగా ఉండి ముక్కలుగా ఊడుతుంది. కత్తిని వేడినీళ్లలో ముంచి తుడిచి, ప్రతి ముక్కకీ మళ్లీ అలాగే చేయండి.