ప్లాస్టిక్‌ను గుర్తుపట్టడం – 3వ పాఠం: తేలేదేది, మునిగేదేది

పోయిన పాఠంలో సీసాల అడుగున ఉండే త్రికోణం, దాని లోపలి అంకె గురించి చెప్పుకున్నాం. ఇంట్లో ఇరవై వస్తువులు తీసి ఏ అంకె ఉందో రాసుకోమన్నాను. రాసినవాళ్లకు ఈపాటికి చిరాకు వచ్చే ఉంటుంది. బకెట్‌కు అంకె కనపడదు, మగ్గుకు ఉండదు, విరిగిన కుర్చీ కాలికి అసలే ఉండదు. అందులో వింతేం లేదు. 1988లో అమెరికాలో ప్లాస్టిక్ పరిశ్రమవాళ్లు ఆ అంకెలు పెట్టిందే వాడి పారేసే సీసాలు, డబ్బాలు ఏరేవాళ్ల కోసం. బకెట్లు వాళ్ల లెక్కలో లేవు.

అంకె లేని ముక్క చేతికొస్తే అది ఏ ప్లాస్టిక్కో నీళ్లను అడిగి తెలుసుకోవడం ఈ వారం నేర్చుకుందాం. ఏ ముక్క అయినా తన సాంద్రతను దాచుకోలేదు. రంగు మార్చొచ్చు, నునుపు మార్చొచ్చు, పేరు మార్చి అమ్మొచ్చు. నీళ్లలో పడ్డాక తేలాలి, లేదా మునగాలి.

కావలసినవి ఎక్కువేం లేవు. గాజు గ్లాసులు మూడు, ఉప్పు, వంటింటి తూకం, గిన్నెలు తోమే లిక్విడ్, ఒక ఫోర్కు, పాత కత్తెర, మందుల షాపులో దొరికే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సీసా చిన్నది ఒకటి. సూది తీసేసిన సిరంజి ఉంటే కొలతకు బాగుంటుంది.

ముందు ఏది ఏ ప్లాస్టిక్కో మనకు తెలిసిన ముక్కలతో మొదలుపెట్టండి. తెలియనివాటి జోలికి తర్వాత వెళ్దాం. వాటర్ బాటిల్ ఒంటి నుంచి ఒక ముక్క (1, పెట్), షాంపూ బాటిల్ నుంచి ఒకటి (2, హెచ్‌డీపీఈ), నీళ్ల పైపు ముక్క (3, పీవీసీ), పాల ప్యాకెట్ కవరు (4, ఎల్‌డీపీఈ), హోటల్ పార్శిల్ డబ్బా (5 అని ఉన్నదే తీసుకోండి, పీపీ), పాత సీడీ డబ్బా (6, పీఎస్ అంటే పాలీస్టైరీన్). ఒక్కొక్కటి చిటికెన వేలి గోరంత చాలు. పెన్నుతో పేర్లు రాయకండి, ఆల్కహాల్‌లో చెరిగిపోతాయి. ఒకటి త్రికోణంగా, ఒకటి చతురస్రంగా, ఒకటి పొడుగ్గా కత్తిరించి ఏ ఆకారం ఏదో నోట్‌బుక్‌లో రాసుకోండి. థర్మకోల్ వద్దు. అదీ పాలీస్టైరీనే గానీ నిండా గాలి ఉంటుంది, దేంట్లో వేసినా తేలుతుంది.

మొదటి గ్లాసు: మంచినీళ్లు

గ్లాసు నిండా నీళ్లు పోసి తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేయండి. నురగ రానివ్వకుండా నెమ్మదిగా కలపండి. ఆ చుక్క లేకపోతే పాల ప్యాకెట్ లాంటి పల్చటి ముక్క నీటిపొర మీద పడుకుని మోసం చేస్తుంది. ముక్కలన్నీ వేసి, ప్రతి ఒక్కదాన్నీ ఫోర్కుతో అడుగుదాకా నొక్కి వదలండి. నొక్కకుండా చూసింది లెక్కలోకి రాదు. అంచుల్లో గాలి బుడగ అంటుకుని ఉంటే దులపండి.

నీళ్ల సాంద్రత 1. హెచ్‌డీపీఈ, ఎల్‌డీపీఈ, పీపీ మూడూ అంతకంటే తేలిక కాబట్టి పైకి వస్తాయి. పాలీస్టైరీన్, పెట్, పీవీసీ మునుగుతాయి. వాటర్ బాటిళ్లను రీసైకిల్ చేసే ఫ్యాక్టరీల్లో జరిగేదీ ఇదే. బాటిళ్లను తురిమి నీళ్ల తొట్టిలో పోస్తే మూతల ముక్కలు పైన తేలతాయి, బాటిల్ ముక్కలు కిందికి పోతాయి.

ఎందుకిలా? తేలే మూడింట్లో ఉన్నది కార్బన్, హైడ్రోజన్ మాత్రమే. మునిగేవాటిలో పీవీసీని చూడండి, అది ఎందుకు బరువో కాగితం మీద తేలిపోతుంది. ప్లాస్టిక్ అంటే పరమాణువులు వరసగా ముడిపడిన పొడవాటి గొలుసు. పీవీసీ గొలుసులో ఒక్కో కొక్కెంలో కార్బన్లు 2, హైడ్రోజన్లు 3, క్లోరిన్ 1. పరమాణు భారాలు వేయండి: 24, 3, 35.5. మొత్తం 62.5. అందులో క్లోరిన్ వాటా సుమారు 57 శాతం. ఆ క్లోరిన్ వచ్చేది ఉప్పు నుంచి. పెట్రోలియం సరుకు అని మనం పిలిచే పైపులో సగానికి పైగా ఉప్పు పెట్టిన భిక్షే!

మిగతా 43 శాతమైనా చమురు నుంచే రావాలని రూలేం లేదు. చైనాలో పీవీసీ చాలా వరకు బొగ్గు దారిలోనే తయారవుతుంది. బొగ్గును గాలి తగలకుండా కాల్చి కోక్ చేసి, దాన్ని సున్నంతో కలిపి కరెంటు కొలిమిలో కరిగిస్తే కాల్షియం కార్బైడ్. మామిడికాయలు మగ్గబెట్టడానికి దొంగచాటుగా వాడే కార్బైడ్ అదే. దానికి నీళ్లు తగిలితే ఎసిటిలీన్ వస్తుంది, దానికి హైడ్రోజన్ క్లోరైడ్ కలిపితే పీవీసీకి ముడిసరుకు. మన చేతిలోని ముక్క ఏ దారిలో వచ్చిందో మాత్రం గ్లాసు చెప్పలేదు. బొగ్గు నుంచి వచ్చినా, చమురు నుంచి వచ్చినా పీవీసీ పీవీసీయే.

రెండో గ్లాసు: ఉప్పునీళ్లు

మునిగిన మూడింటిని తీసి కడిగి పక్కన పెట్టండి. 200 మిల్లీలీటర్ల నీళ్లలో 40 గ్రాముల ఉప్పు పూర్తిగా కరిగించండి. రాళ్ల ఉప్పయితే వడకట్టండి. ఈ నీళ్ల సాంద్రత సుమారు 1.12 ఉంటుంది.

తూకం లేదా? వరి విత్తనాల్లో తాలు తీయడానికి రైతులు ఉప్పునీళ్లు ఎలా కలుపుతారో గుర్తు తెచ్చుకోండి. పచ్చి కోడిగుడ్డు వేసి, అది పైకి తేలేదాకా ఉప్పు కలుపుతూ పోతారు. మనకూ ఆ పద్ధతి సరిపోతుంది. ఒక్కటి చూసుకోండి: గుడ్డు తాజాది కావాలి. ముందు మంచినీళ్లలో వేసి మునిగిందని తేల్చుకోండి. మురిగిన గుడ్డు మంచినీళ్లలోనూ తేలుతుంది, దాన్ని నమ్ముకుంటే పాఠమంతా తప్పు.

ఇప్పుడు పాలీస్టైరీన్ పైకి వస్తుంది. దాని సాంద్రత 1.05 దగ్గర. పెట్ 1.38 దగ్గర, పీవీసీ 1.4 అటూ ఇటూ. ఉప్పు ఎంత కలిపినా, నీళ్లు ఇక కరిగించుకోలేని స్థితికి వచ్చినా, సాంద్రత 1.2 దాటదు. కాబట్టి ఆ రెండూ కిందే ఉంటాయి.

మునిగిన రెండింటిలో ఏది ఏదో గ్లాసుతో తేలదు. అది వచ్చే పాఠం పని. సీసా అయితే మాత్రం ఒక చిట్కా ఉంది. అడుగు తిప్పి చూడండి. పెట్ సీసాకు సరిగ్గా మధ్యలో చిన్న బొడిపె ఉంటుంది. పీవీసీ సీసాకు అడుగున అడ్డంగా అతుకు గీత కనిపిస్తుంది. హెచ్‌డీపీఈ సీసాకూ ఆ గీతే ఉంటుంది గానీ అది మంచినీళ్లలోనే తేలిపోయి ఉంటుంది కదా.

మూడో గ్లాసు: అసలు పరీక్ష

తేలిన మూడింటిని విడదీయడం ఈ పాఠంలో కాస్త కష్టమైన భాగం, నాకు అన్నిటికంటే ఇష్టమైనదీ. ముందు గ్యాస్ స్టవ్ ఆపండి, కిటికీలు తెరవండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. ఈ ఆల్కహాల్ ఇట్టే అంటుకుంటుంది. తాగేది కాదు.

శుభ్రంగా తుడిచి ఆరబెట్టిన గ్లాసులో 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 50 మిల్లీలీటర్లు పోయండి. తేలిన మూడు ముక్కల్నీ తడి లేకుండా తుడిచి వేయండి. మూడూ మునుగుతాయి, ఎందుకంటే ఈ ద్రవం సాంద్రత 0.88 దగ్గరే. ఇప్పుడు సిరంజితో 2 మిల్లీలీటర్ల చొప్పున నీళ్లు కలుపుతూ పోండి. కలిపిన ప్రతిసారీ బాగా తిప్పి, ముక్కలకు అంటుకున్న బుడగలు దులిపి, ద్రవం నిలకడగా అయ్యేదాకా ఆగండి. తొందరపడితే అడుగున నీళ్లు, పైన ఆల్కహాల్ విడివిడిగా ఉండి ముక్క మధ్యలో వేలాడుతుంది.

లెక్క ప్రకారం సుమారు 10 మిల్లీలీటర్ల నీళ్లు పడేసరికి పీపీ లేస్తుంది. 20 దాటాక ఎల్‌డీపీఈ. హెచ్‌డీపీఈ మొండిది, 40 దాటేదాకా కదలదు. గది వేడిని బట్టి ఈ అంకెలు కొంచెం జరుగుతాయి, దాని గురించి టెన్షన్ పడకండి. లేచే వరుస మాత్రం మారదు: 5, తర్వాత 4, తర్వాత 2. పరిశోధనశాలల్లో ఇదే పనికి నిలువు గాజు గొట్టం వాడతారు. అందులో ద్రవం అడుగున చిక్కగా ఉండి పైకి పోయేకొద్దీ పల్చబడుతుంది. ముక్క ఎక్కడ ఆగిందో చూసి సాంద్రత చెప్పేస్తారు.

4, 2 ముక్కల సంగతి కాస్త ఆగి చూద్దాం. రెండూ పాలిథీనే. రెండూ ఇథిలీన్ నుంచి పుట్టినవే (మామిడిపండు మగ్గేటప్పుడు తనంతట తాను విడుదల చేసే వాయువు అదే). మూలకాలు అవే, లెక్క అదే. అయినా ఒకటి 0.92 దగ్గర, ఇంకొకటి 0.95 దగ్గర. ఈ 0.03 ఎక్కడిది?

1933లో ఇంగ్లండ్‌లో ఐసీఐ కంపెనీ ల్యాబ్‌లో ఫాసెట్, గిబ్సన్ అనే ఇద్దరు ఇథిలీన్‌ను మామూలు గాలి ఒత్తిడికి వెయ్యి రెట్లు మించిన ఒత్తిడిలో వేడిచేస్తే పాత్రలో మైనంలాంటి తెల్లటి పదార్థం మిగిలింది. పాలిథీన్ అలా దొరికింది. అంత ఒత్తిడిలో పుట్టిన గొలుసులకు పక్కలకు కొమ్మలు మొలుస్తాయి. కంపకట్టెలు మోపు కట్టినట్టు మధ్యలో సందులు మిగిలిపోతాయి. అందుకే తేలిక, అందుకే పాల ప్యాకెట్‌లా మెత్తన.

ఇరవై ఏళ్ల తర్వాత, 1953లో, జర్మనీలోని మూల్‌హైమ్‌లో కార్ల్ జీగ్లర్ కొమ్మలు లేని గొలుసు తయారుచేశాడు. ఆయన పనిచేసింది బొగ్గు పరిశోధన సంస్థలో. బొగ్గు నుంచి పెట్రోలు తీసే ఫిషర్–ట్రాప్ష్ పద్ధతి 1920లలో పుట్టింది అక్కడే. 1943లో ఆ సంస్థకు అధిపతిగా రమ్మంటే, బొగ్గు మీదే పనిచేయాలన్న కట్టడి లేకపోతేనే వస్తానని షరతు పెట్టి మరీ వెళ్లాడాయన. ఒకసారి ప్రయోగం అనుకోకుండా మధ్యలో ఆగిపోయింది. గొలుసు పెరగకుండా బ్యూటీన్ (రెండే ఇథిలీన్లు కలిసిన చిన్న అణువు) దగ్గరే నిలిచిపోయింది. తరచి చూస్తే పాత్రలో నికెల్ ఆనవాళ్లు దొరికాయి. నికెల్ ఆపగలిగితే మిగతా లోహాలు ఏం చేస్తాయో చూద్దామని ఒక్కొక్కటీ పరీక్షిస్తూ పోయారు. జిర్కోనియం దగ్గర, ఆ పైన టైటానియం దగ్గర మామూలు ఒత్తిడిలోనే పొడవైన, కొమ్మల్లేని గొలుసులు వచ్చాయి. చెరుకు గడలు పేర్చినట్టు దగ్గర దగ్గరగా సర్దుకుంటాయవి. 1954లో ఇటలీలో జూలియో నట్టా ఆ దారినే గట్టి పాలీప్రొపిలీన్ చేశాడు, అదే మన 5. 1963లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇచ్చారు.

కంటికి కనపడని ఆ కొమ్మల్నే మీరు సిరంజితో కొలిచారు. 4 లేచాక 2 లేవడానికి పట్టిన ఆ 20 మిల్లీలీటర్ల పైచిలుకు నీళ్లు వాటి లెక్కే.

గ్లాసు అబద్ధం చెప్పే సందర్భాలు

నేను మొదట్లో విరిగిన కుర్చీ ముక్క ఒకటి మంచినీళ్లలో వేస్తే మునిగింది. ఉప్పునీళ్లలో తేలింది. పాలీస్టైరీన్ అని ధీమాగా రాసేశాను. తర్వాత వంచి చూస్తే విరగదే! పాలీస్టైరీన్ అయితే టప్పున విరగాలి. అది పీపీయే, కాకపోతే చవగ్గా రావడానికి సుద్దపొడో, టాల్క్ పొడో దట్టించి పోశారు. నూటికి 20 పాళ్ల టాల్క్ కలిపితే చాలు, పీపీ సాంద్రత 1 దాటిపోతుంది. అప్పటి నుంచి గ్లాసు మాట విన్నాక ముక్కను ఒకసారి వంచి చూడకుండా పేరు రాయను.

చిప్స్ ప్యాకెట్లు, టూత్‌పేస్ట్ ట్యూబులు ఈ పరీక్షకు పనికిరావు. రెండు మూడు పొరలు అతికించి చేస్తారు, ఏ పొర మాట వినాలో గ్లాసుకు తెలియదు. లేబుళ్లు ముందే పీకేయండి. సీసా ఒక ప్లాస్టిక్, దాని లేబుల్ వేరే ప్లాస్టిక్ కావడం మామూలే.

ఈ వారం హోంవర్క్: బకెట్, మగ్గు, పెన్ను టోపీ, టూత్‌బ్రష్ పిడి, ఎక్కడైనా విరిగిపడి ఉన్న కుర్చీ ముక్క. ప్రతిదానికీ నాలుగు గడులు రాయండి: మంచినీళ్లు, ఉప్పునీళ్లు, ఆల్కహాల్‌లో ఎన్ని మిల్లీలీటర్ల దగ్గర లేచింది, వంచితే ఏమైంది. మొదటి రెండు గ్లాసుల్లోనూ మునిగినవి ఉంటే విడిగా పొట్లం కట్టి పెట్టండి. వచ్చే పాఠంలో వాటికి ఒక రాగి తీగ కావాలి, ఆరుబయట చోటు కావాలి. ఈలోగా ఏ ముక్కనూ కాల్చి చూడకండి. పీవీసీ కాలితే వచ్చే హైడ్రోజన్ క్లోరైడ్ పొగ గొంతునూ కళ్లనూ మండిస్తుంది.